వేలూరులో నొక్కితే గుడియాత్తంలో ఎందుకు కదలదు?

వేలూరు నుంచి గుడియాత్తానికి బస్సెక్కితే గంట, గంటంబావు ప్రయాణం. అదే పని కంప్యూటర్ ద్వారా చేద్దామంటే మాత్రం ఒక్కోరోజు ఆ గంటంతా ‘కనెక్ట్ అవుతోంది’ అన్న మాట దగ్గరే గడిచిపోతుంది. రెండు చోట్లా ఇంటర్నెట్ ఉంది. రెండు చోట్లా యూట్యూబ్ వీడియో ఆగకుండా నడుస్తోంది. వాట్సాప్ మెసేజీలు పోతున్నాయి, వస్తున్నాయి. అయినా వేలూరులో కూర్చున్న టీచరు గుడియాత్తం బడిలోని కంప్యూటర్ తెరను తన తెర మీద చూడలేకపోతారు. ఎలాగో కలిసినా, ఇక్కడ మౌస్ కదిపిన కాసేపటికి గానీ అక్కడ బాణం గుర్తు కదలదు. తప్పు కంప్యూటర్‌దని ఒకరు, కనెక్షన్‌దని ఒకరు, సాఫ్ట్‌వేర్‌దని మరొకరు అంటారు. చాలాసార్లు ఆ మూడింటిలో ఏదీ కాదు. మధ్యలో ‘నాట్’ అనే ఏర్పాటు ఒకటి ఉంది. నెట్‌వర్క్ అడ్రస్ ట్రాన్స్‌లేషన్ అన్న పేరుకు అది పొట్టి రూపం. ఈ వారం దాని గురించే చెప్పుకుందాం.

ఇది కంప్యూటర్ ఇంజినీర్ల గొడవ, మనకెందుకు అనిపించవచ్చు. మన బడుల సంగతి తెలిసినవాళ్ళు అలా అనలేరు. తెలుగు మీడియం బడి అంటే తెలుగు తెలిసిన టీచర్లు ఒకరో ఇద్దరో. వాళ్ళలో కంప్యూటర్ మీద తెలుగు టైపు చేయడం వచ్చినవాళ్ళు ఇంకా తక్కువ. ప్రశ్నపత్రం పాత అను ఫాంట్లలో ఉంటుంది, తెరిస్తే పిచ్చి గీతలు కనిపిస్తాయి. దాన్ని యూనికోడ్‌లోకి మార్చాలి. విండోస్‌లో తెలుగు కీబోర్డు పెట్టాలి. వత్తులు విడిపోయి అచ్చవుతుంటే ఫాంటు మార్చాలి. ఈఎమ్‌ఐఎస్‌లో పిల్లల వివరాలు ఎక్కించే పేజీ ఎక్కడో తట్టుకుంటుంది. కంప్యూటర్ షాపు కుర్రాడు వచ్చి మిగతావన్నీ బాగుచేస్తాడు గానీ, తెలుగు అక్షరం సరిగ్గా పడిందో లేదో అతనికి తెలియదు. తెలిసిన మనిషి పక్క ఊళ్ళో ఉంటారు. ఆ మనిషి మన తెరను చూడగలిగితే పది నిమిషాల పని. చూడలేకపోతే ఒక పూట సెలవు, రానూపోనూ బస్సు చార్జీ.

పి.పి. నంబరు గుర్తుందా?

కొంచెం వయసున్న తల్లిదండ్రులకు ఈ మాట చెప్పగానే తెలుస్తుంది. ఇంటింటికీ ఫోను లేని రోజుల్లో పెళ్ళి శుభలేఖ మీదా, ఉద్యోగం దరఖాస్తు మీదా ఒక నంబరు రాసి పక్కన ‘పి.పి.’ అని పెట్టేవాళ్ళం. ఆ ఫోను మనది కాదు, వీధి చివర కొట్టు శెట్టిగారిది. మనం బయటికి ఫోను చేయాలంటే కష్టమేమీ లేదు. కొట్టుకు వెళ్ళి, డబ్బులిచ్చి మాట్లాడి వచ్చేవాళ్ళం. చిక్కల్లా బయటి నుంచి వచ్చే ఫోనుతోనే. శెట్టిగారు రిసీవర్ ఎత్తి ‘ఎవరు కావాలి?’ అంటారు. అవతలి మనిషి పేరూ వివరమూ చెప్పలేకపోతే పెట్టేస్తారు. వీధిలో యాభై ఇళ్ళున్నాయి, ఎవరిని పిలవాలి?

నాట్ చేసే పని అచ్చంగా ఇదే. బడిలో పది కంప్యూటర్లు ఉంటే పదింటికీ లోపలి నంబర్లు ఉంటాయి. 192.168.1.5 అనో, 192.168.1.6 అనో. బయటి ప్రపంచానికి మాత్రం అన్నీ కలిపి ఒకే నంబరుతో కనిపిస్తాయి, రౌటర్ నంబరుతో. లోపలి కంప్యూటర్ బయటికి ఏదైనా అడిగితే రౌటర్ తన పుస్తకంలో ఒక వరుస రాసుకుంటుంది: ఫలానా కంప్యూటర్, ఫలానా చోటికి అడిగింది, బయటికి ఈ ద్వారం నంబరు మీదుగా పంపాను అని. జవాబు అదే ద్వారం దగ్గరికి వస్తే పుస్తకం చూసి సరైన కంప్యూటర్‌కు అందిస్తుంది. ఆ ద్వారం నంబరునే పోర్టు అంటారు. ఎవరూ అడగకుండా వచ్చినదానికి పుస్తకంలో వరుస ఉండదు. రౌటర్ దాన్ని అక్కడే పారేస్తుంది.

యూట్యూబ్ ఎందుకు నడుస్తుందో ఇప్పుడు అర్థమవుతుంది. అక్కడ అడిగేది ఎప్పుడూ మనమే. డెస్క్‌టాప్ షేరింగ్ అలా కాదు. వేలూరు కంప్యూటర్ నేరుగా గుడియాత్తం కంప్యూటర్ తలుపు తట్టాలి. గుడియాత్తం రౌటర్‌కు ఆ తట్టినవారెవరో తెలియదు. పైగా 192.168.1.5 అన్న నంబరు వేలూరు బడిలోనూ ఉంటుంది, గుడియాత్తం బడిలోనూ ఉంటుంది, దేశంలో లెక్కలేనన్ని ఇళ్ళల్లోనూ ఉంటుంది. ‘నా కంప్యూటర్ నంబరు 192.168.1.5, కనెక్ట్ అవ్వండి సార్’ అని వాట్సాప్‌లో పంపేవాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ‘మాది రెండో గది’ అని ఊరి పేరు లేకుండా ఉత్తరం రాసినట్టు అది.

ఈ అవస్థ ఎందుకొచ్చింది? నంబర్లు చాలకపోవడం వల్ల. ఇంటర్నెట్‌కు మొదట పెట్టిన నంబర్ల పద్ధతిలో, అంటే ఐపీవీ4లో, మొత్తం 429 కోట్ల పైచిలుకు నంబర్లే సాధ్యం. ప్రపంచ జనాభా అంతకంటే ఎక్కువ. ఈ కొరత వస్తుందని ముందే గ్రహించి 1994 మేలో కెల్డ్ ఎగెవాంగ్, పాల్ ఫ్రాన్సిస్ అనే ఇద్దరు నాట్ పద్ధతిని ఆర్‌ఎఫ్‌సీ 1631 అనే పత్రంగా ప్రచురించారు. ఆర్‌ఎఫ్‌సీలంటే ఇంటర్నెట్ నడవడికకు రాసుకునే నియమ పత్రాలు. తాత్కాలిక ఉపాయంగా వచ్చినది ముప్పై ఏళ్ళు దాటినా మన నెత్తిన కూర్చునే ఉంది. 1996 ఫిబ్రవరిలో లోపలి వాడకానికి మాత్రమే అని మూడు గుంపుల నంబర్లను పక్కన పెట్టారు: 10తో మొదలయ్యేవి, 172.16 నుంచి 172.31 వరకు, 192.168తో మొదలయ్యేవి. ప్రపంచ స్థాయిలో పంచడానికి మిగిలిన చివరి నంబర్ల మూటలు 2011 ఫిబ్రవరి 3న అయిపోయాయి. ఆసియా, పసిఫిక్ దేశాలకు నంబర్లిచ్చే సంస్థ అదే ఏడాది ఏప్రిల్ 15న చిట్టచివరి మూటకు చేరి, అక్కడి నుంచి చిటికెడు చిటికెడుగా ఇవ్వడం మొదలుపెట్టింది. మన దేశంలో ఇంటింటికీ, ఫోను ఫోనుకూ ఇంటర్నెట్ వచ్చింది ఎక్కువగా ఆ తర్వాతే. పంక్తిలో చివర కూర్చున్నవాళ్ళకు గిన్నె అడుగంటినట్టయింది మన పరిస్థితి.

ఇద్దరూ ఒకేసారి పిలిస్తే

మరి ఎనీడెస్క్, టీమ్‌వ్యూయర్, రస్ట్‌డెస్క్ లాంటివి అసలెలా కలుపుతున్నాయి? మళ్ళీ శెట్టిగారి కొట్టుకే వెళ్దాం. వేలూరులో ఒక కొట్టు, గుడియాత్తంలో ఒక కొట్టు. ఇద్దరికీ తెలిసిన మనిషి ఒకరు చెన్నైలో సొంత ఫోనుతో ఉన్నారనుకోండి. ఇద్దరూ ముందు ఆయనకు ఫోను చేస్తారు. ఎవరు ఏ కొట్టు నంబరు నుంచి చేశారో ఆయనకు కనిపిస్తుంది. ఆ నంబరు వీళ్ళకు చెబుతారు, ఈ నంబరు వాళ్ళకు చెబుతారు. తర్వాత వేలూరు మనిషి తన శెట్టిగారితో, ‘నేను గుడియాత్తం ఫలానా నంబరుకు చేస్తున్నాను, అక్కడి నుంచి ఫోనొస్తే నన్ను పిలవండి’ అంటారు. గుడియాత్తం మనిషీ అక్కడ అదే చెబుతారు. మొదటి పిలుపు అవతల కొట్టులో పారేసినా పారేయవచ్చు, ఫరవాలేదు. రెండు పుస్తకాల్లోనూ వరుస పడిపోయింది. ఆ తర్వాత వచ్చే పిలుపును రెండు కొట్లవాళ్ళూ ‘ఓహో, మనవాళ్ళు అడిగినదానికి జవాబు’ అనుకుని లోపలికి వదులుతారు.

దీన్ని హోల్ పంచింగ్ అంటారు. గోడకు కన్నం వేయడం అని తెలుగులో అంటే దొంగతనంలా వినిపిస్తుంది గానీ, ఇందులో మోసం లేదు. ఇద్దరి ఇష్టంతోనే జరుగుతుంది. నా బయటి నంబరు ఏమిటో చెప్పే సర్వర్‌కు స్టన్ అని పేరు. దాని నియమాలు 2003లో వచ్చాయి, 2008లో ఒకసారి, 2020లో మరోసారి సవరించారు.

ఇక్కడ ఒక పేరు చెప్పుకోవాలి. నాట్ గురించి ఈనాడు ప్రపంచమంతా వాడే మాటలకు నిర్వచనాలు ఇచ్చిన 1999 నాటి ఆర్‌ఎఫ్‌సీ 2663, నాట్‌ను క్రమపద్ధతిలో వివరించిన 2001 నాటి ఆర్‌ఎఫ్‌సీ 3022, రెండింటి మీదా మొదటి రచయితగా ఉన్న పేరు పైడా శ్రీసురేష్. పైడా అన్న ఇంటిపేరు కాకినాడ వైపువాళ్ళ చెవికి కొత్త కాదు. బ్రయన్ ఫోర్డ్, డాన్ కెగెల్‌లతో కలిసి ఆయన 2005లో హోల్ పంచింగ్ మీద రాసిన పరిశోధన పత్రాన్ని ఈ రంగంలో ఇప్పటికీ చదువుతున్నారు. అప్పుడు పరీక్షించిన రౌటర్లలో సుమారు 82 శాతం యూడీపీ పద్ధతిలో, సుమారు 64 శాతం టీసీపీ పద్ధతిలో ఈ కన్నానికి ఒప్పుకున్నాయని వాళ్ళు తేల్చారు. యూడీపీ అంటే పోస్టుకార్డులు వరసగా వేయడం లాంటిది, అందిందా అని అడగదు. టీసీపీ రిజిస్టర్డ్ పోస్టు లాంటిది, ప్రతిదానికీ సంతకం కావాలి. నేరుగా కలవడానికి యూడీపీ ఎక్కువ అనువుగా ఉండడానికి ఒక కారణం ఈ తేడా.

ఆ 82 శాతం అంకెను చూసి సంతోషపడడానికి లేదు. అవి ఇళ్ళల్లో, ఆఫీసుల్లో పెట్టుకున్న రౌటర్ల లెక్కలు. ఇరవై ఏళ్ళ కిందటివి. ఇప్పుడు మన చిక్కు ఇంటి రౌటర్‌తో కాదు, దాని పైనున్న దానితో.

కొట్టు వెనుక ఇంకో కొట్టు

నంబర్లు మరీ కరువయ్యాక ఇంటర్నెట్ కంపెనీలు మన రౌటర్‌కు కూడా సొంత నంబరు ఇవ్వడం మానేశాయి. వందల ఇళ్ళనూ బడులనూ కలిపి ఒకే బయటి నంబరు వెనుక పెడుతున్నాయి. దీన్ని సీజీనాట్ అంటారు. శెట్టిగారికే సొంత ఫోను లేదు, ఆయనా ఇంకో పెద్ద కొట్టుకు వెళ్ళి మాట్లాడుతున్నారన్నమాట. ఈ వాడకం కోసమే 2012 ఏప్రిల్‌లో 100.64 నుంచి 100.127 వరకు నంబర్ల గుంపును ప్రత్యేకించారు. ఫోను సిమ్ అయినా, వీధి కేబుల్ కంపెనీ ఇచ్చే బ్రాడ్‌బ్యాండ్ అయినా ఇదే ఏర్పాటు ఉండడం ఇప్పుడు మామూలు.

పోర్ట్ ఫార్వర్డింగ్ అనే పాత ఉపాయం దీనితో పనికిరాకుండా పోయింది. ‘ఫలానా ద్వారానికి వచ్చినదాన్ని అడగకుండానే ఈ కంప్యూటర్‌కు పంపు’ అని మన రౌటర్‌కు చెప్పుకోవచ్చు. కానీ పై కంపెనీవాళ్ళ పెట్టె మన మాట వినదు. సెట్టింగులన్నీ సరిగ్గా పెట్టి, రౌటర్ పది సార్లు ఆపి వేసి, అయినా కలవక తలపట్టుకున్నవాళ్ళు చాలామంది ఇక్కడే ఇరుక్కుంటారు. మన రౌటర్‌లో తలుపు తెరిచే ఉంది, వీధి గేటుకు మాత్రం తాళం ఉంది.

హోల్ పంచింగ్ సీజీనాట్‌లోనూ పనిచేయవచ్చు. అది ఆ పెట్టె స్వభావం మీద ఆధారపడి ఉంటుంది. కొన్ని నాట్‌లు మన కంప్యూటర్ ఎవరితో మాట్లాడినా ఒకే బయటి ద్వారం వాడతాయి. అప్పుడు చెన్నై మనిషి చెప్పిన నంబరే గుడియాత్తం వాళ్ళకూ పనికొస్తుంది. మరికొన్ని మనిషి మారితే ద్వారం మారుస్తాయి. చెన్నైకి చేసినప్పుడు ఒక లైను, గుడియాత్తానికి చేసినప్పుడు ఇంకో లైను. చెన్నై మనిషి చూసి చెప్పిన నంబరు గుడియాత్తం వాళ్ళు వాడేసరికి చెల్లదు. దీన్ని సిమెట్రిక్ నాట్ అంటారు. రెండు పక్కలా అదే ఉంటే నేరుగా కలవడం దాదాపు అసాధ్యం. ఒక పక్క మాత్రమే ఉంటే అవతలి రౌటర్ ఎంత పట్టుదల గలదో దాన్ని బట్టి ఉంటుంది. ఉదయం కేబుల్ ఇంటర్నెట్ మీద బాగా నడిచింది, సాయంత్రం ఫోను హాట్‌స్పాట్ మీద అదే సాఫ్ట్‌వేర్ మొరాయించింది అంటే ఆశ్చర్యపోనక్కర్లేదు. నాట్ మారింది.

ఇంకో వింత చెబుతాం. వేలూరు బడికీ గుడియాత్తం బడికీ ఒకే కంపెనీ కనెక్షన్ ఉంటే ఇంకా సులువని మనం అనుకుంటాం. ఒక్కోసారి తలకిందులవుతుంది. ఇద్దరూ ఒకే పెద్ద పెట్టె వెనుక ఉంటే, ఇద్దరి బయటి నంబరూ ఒకటే. వేలూరు కంప్యూటర్ తన సొంత బయటి నంబరుకే పిలుపు పంపి, అది పెట్టె దాకా వెళ్ళి హెయిర్‌పిన్ మలుపు తిరిగినట్టు మళ్ళీ లోపలికే రావాలి. ఆ మలుపు తిప్పడం ప్రతి నాట్‌కూ ఉండాలని 2007లోనే నియమం రాశారు. అన్ని పెట్టెలూ పాటించవు. పక్కపక్క ఊళ్ళవాళ్ళు కలవలేకపోతే, హైదరాబాద్ నుంచో అమెరికా నుంచో ఇంకొకరు చక్కగా కలుస్తారు. ఇది విన్నప్పుడు మొదట నమ్మబుద్ధి కాదు.

కరెంటు సంగతి కూడా ఇందులో ఉంది. నాట్ పుస్తకంలోని వరుసలు శాశ్వతం కావు. కాసేపు మాటలేవీ సాగకపోతే చెరిపేస్తుంది. యూడీపీకి కనీసం రెండు నిమిషాలు ఉంచాలని నియమం ఉన్నా, అంతకంటే తొందరగా చెరిపేవి ఉన్నాయి. అందుకే సాఫ్ట్‌వేర్లు కొన్ని క్షణాలకొకసారి ఊరికే ఒక పలకరింపు పంపుతుంటాయి. కరెంటు పోయి రౌటర్ ఆగితే పుస్తకం మొత్తం ఖాళీ, చాలాసార్లు బయటి నంబరు కూడా మారిపోతుంది. మన బడుల్లో కంప్యూటర్‌కు యూపీఎస్ పెడతారు, రౌటర్‌ను మాత్రం గోడ ప్లగ్గుకే వదిలేస్తారు. కరెంటు పోయినప్పుడు కంప్యూటర్ వెలుగుతూనే ఉంటుంది, పాఠం మాత్రం తెగిపోతుంది. రౌటర్ తినే కరెంటు అతి తక్కువ. దాని వైరు కూడా యూపీఎస్‌కే తగిలించండి.

మధ్యవర్తి చేతి మీదుగా

నేరుగా కలవనప్పుడు సాఫ్ట్‌వేర్లు చేతులెత్తేయవు. మధ్యలో ఒక సర్వర్‌కు ఇద్దరూ కనెక్ట్ అవుతారు. ఇక్కడి మాట అది అక్కడికి, అక్కడి బొమ్మ ఇక్కడికి మోస్తుంది. దీన్ని రిలే అంటారు. ఇలా మోసే పద్ధతుల్లో పేరున్న టర్న్‌కు నియమాలు 2010లో వచ్చాయి. ఇద్దరూ బయటికి అడుగుతున్నవాళ్ళే కాబట్టి ఏ నాట్ కూడా అడ్డు చెప్పదు. విండోస్‌తో పాటే వచ్చే క్విక్ అసిస్ట్ కూడా ఇలా మధ్యవర్తి మీదుగానే పనిచేస్తుంది. అందుకే వేరేవి మొరాయించిన చోట అది కలుస్తుంటుంది.

రిలే వల్ల వచ్చేది ఆలస్యం. లెక్క వేసి చూడండి. గాజు తీగలో వెలుగు సెకనుకు సుమారు రెండు లక్షల కిలోమీటర్లు పోతుంది. వేలూరు, గుడియాత్తం నేరుగా కలిసినా మాట సాధారణంగా చెన్నై దాకా వెళ్ళి రావాల్సిందే. అయినా మొత్తం కొన్ని వందల కిలోమీటర్లే, కంటికి తెలియదు. రిలే సర్వర్ యూరప్‌లో, ఎనిమిది వేల కిలోమీటర్ల దూరంలో ఉందనుకోండి. మౌస్ నొక్కు వేలూరు నుంచి అక్కడికి, అక్కడి నుంచి గుడియాత్తానికి పోవాలి. మారిన తెర బొమ్మ మళ్ళీ అదే దారిన రావాలి. ముప్పై రెండు వేల కిలోమీటర్లు. వెలుగు వేగంతో పోయినా 0.16 సెకను. తీగలు తిన్నగా ఉండవు, మధ్యలో పెట్టెలుంటాయి, రిలే మీద మిగతావాళ్ళ రద్దీ ఉంటుంది. అందుకే అరక్షణం, క్షణం వెనకబడుతుంది. టైపు చేసిన అక్షరం కనిపించక మళ్ళీ కొడతాం, రెండు పడతాయి. తెలుగులో వత్తులు, గుణింతాలు కొట్టేటప్పుడు ఇది ప్రాణం తీస్తుంది.

డేటా ఖర్చు రిలే వల్ల పెరుగుతుందని కొందరు భయపడతారు. మన వైపు పెద్ద తేడా ఉండదు, తెర బొమ్మ నేరుగా పోయినా చుట్టు తిరిగి పోయినా మనం పంపేది అంతే. సెకనుకు ఒక మెగాబిట్ చొప్పున లెక్కేస్తే గంటకు 450 ఎంబీ. రోజుకు 1.5 జీబీ వచ్చే ఫోను ప్లాను మీద మూడు గంటలు నడుస్తుంది. తెర వెనుక బొమ్మ తీసేసి మామూలు రంగు పెట్టుకుంటే, రంగుల నాణ్యత తగ్గించుకుంటే ఇంకా తగ్గుతుంది. రిలే ఖర్చు పడేది సర్వర్ నడిపేవాళ్ళకు. ఉచిత వాడకానికి వాళ్ళు పరిమితులు పెట్టడానికి అదొక కారణం. టీమ్‌వ్యూయర్ ఉచితం అన్నది సొంత వాడకానికి మాత్రమే. బడి పని ఆ లెక్కలోకి వస్తుందో లేదో చూసుకోకుండా దాని మీద ఆధారపడితే, సరిగ్గా పరీక్షల ముందు ఆగిపోవచ్చు.

రస్ట్‌డెస్క్‌కు ఒక సౌకర్యం ఉంది. దాని సోర్సు కోడు బహిరంగం, ఆ చెన్నై మనిషి పాత్రను మనమే పోషించుకోవచ్చు. అంటే దేశంలోనే ఒక చిన్న సర్వర్ అద్దెకు తీసుకుని కలిపే పనీ, మోసే పనీ రెండూ దాని మీద పెట్టుకోవచ్చు. ఒక్క బడికి ఇది బరువు. అయిదారు తెలుగు బడులు, కలిస్తే ఉర్దూ బడులు కూడా, నెలకు కొంత వేసుకుంటే బరువు కాదు. భాషలు వేరైనా ఈ తిప్పలు అందరికీ ఒక్కటే.

తెరిచి పెట్టకూడని తలుపు

కనెక్షన్ కలవడం లేదని విసిగిపోయినవాళ్ళకు ఎవరో ఒకరు ఒక సలహా ఇస్తారు. ‘నెలకింత కట్టి సొంత నంబరు తీసుకోండి, విండోస్ రిమోట్ డెస్క్‌టాప్‌కు 3389 పోర్టు తెరిచేయండి, హాయిగా ఉంటుంది.’ సొంత నంబరు, అంటే స్టాటిక్ ఐపీ, తీసుకోవడంలో తప్పులేదు. ఆ పోర్టును ప్రపంచమంతటికీ తెరవడం మాత్రం చేయకండి. తెరిచిన తలుపుల కోసం రాత్రింబవళ్ళు వెతికే యంత్రాలు ఇంటర్నెట్‌లో ఉన్నాయి. 2019 మేలో రిమోట్ డెస్క్‌టాప్‌లో బ్లూకీప్ అనే లోపం బయటపడింది. పాస్‌వర్డ్ కూడా అక్కర్లేకుండా విండోస్ 7, అంతకంటే పాత కంప్యూటర్లలో చొరబడగలిగే లోపం అది. విండోస్ 7కు మామూలు మద్దతు 2020 జనవరి 14తోనే ఆగిపోయింది. ఇంకా ఆ కంప్యూటర్లే నడుస్తున్న బడులున్నాయి. పిల్లల పుట్టిన తేదీలు, తల్లిదండ్రుల ఫోను నంబర్లు, కులం, ఆధార్ వివరాలు వాటిలోనే ఉన్నాయి. నాట్ మనల్ని ఇబ్బంది పెడుతుంది నిజమే, కానీ అడగని పిలుపును పారేసే దాని గుణమే ఇన్నేళ్ళూ ఈ కంప్యూటర్లకు ఒక అడ్డుతెరలా ఉంది. దాన్ని తొలగించేటప్పుడు బదులుగా ఏం పెడుతున్నామో చూసుకోవాలి.

తల్లిదండ్రులు ముఖ్యంగా గమనించాల్సింది మరొకటి. ఈ సాఫ్ట్‌వేర్లతోనే బ్యాంకు ఖాతాలు ఖాళీ చేసే మోసగాళ్ళు ఉన్నారు. ఎనీడెస్క్ వేయించి డబ్బు లాగుతున్నారని రిజర్వు బ్యాంకు 2019 ఫిబ్రవరిలోనే హెచ్చరించింది. ‘బడి నుంచి మాట్లాడుతున్నాం, పిల్లవాడి స్కాలర్‌షిప్ సరిచేయాలి, ఈ యాప్ వేసి నంబరు చెప్పండి’ అని ఫోను వస్తే, తెలుగులోనే ఎంత మర్యాదగా మాట్లాడినా సరే, పెట్టేయండి. తర్వాత బడికి మీరే ఫోను చేసి కనుక్కోండి. డబ్బు పోయిందని తెలిసిన మరుక్షణం 1930కి ఫోను చేయాలి. మన బడులు కూడా ఒక కట్టుబాటు పెట్టుకోవాలి: తల్లిదండ్రుల ఫోనులో ఇలాంటి యాప్ వేయమని బడి ఎప్పుడూ అడగదు అని మొదటి సమావేశంలోనే చెప్పేయాలి.

మీ బడిలో ఏముందో చూసుకోవడం

ఇది కష్టమైన పని కాదు. తొమ్మిదో తరగతి పిల్లలు చేయగలరు, వాళ్ళ చేత చేయిస్తే పాఠమూ అవుతుంది. రౌటర్ పేజీ తెరిచి స్టేటస్ అన్న చోట ‘వాన్ ఐపీ’ అని ఉన్న నంబరు కాగితం మీద రాసుకోండి. తర్వాత గూగుల్‌లో ‘వాట్ ఈజ్ మై ఐపీ’ అని వెతికి, వచ్చిన నాలుగు ముక్కల నంబరు పక్కన రాయండి. రెండూ ఒకటే అయితే మీ రౌటర్‌కు సొంత బయటి నంబరు ఉంది. వేరువేరుగా ఉండి, మొదటిది 10తోనో, 192.168తోనో, 172.16 నుంచి 172.31 మధ్యనో, 100.64 నుంచి 100.127 మధ్యనో ఉంటే మీ పైన ఇంకో నాట్ ఉంది. గూగుల్ చూపినది చాలా పొడవుగా, అంకెలూ ఇంగ్లీషు అక్షరాలూ రెండు చుక్కలూ కలిసి ఉంటే సంతోషించండి. అది ఐపీవీ6.

ఐపీవీ6 ఈ రోగానికి అసలు మందు. దానిలో నంబర్లు ఎన్నంటే 34 పక్కన 37 సున్నాలు పెట్టినంత. ప్రతి కంప్యూటర్‌కూ సొంత నంబరు ఇవ్వవచ్చు, నాట్ అక్కర్లేదు. 2016లో వచ్చిన జియో మొదటి నుంచీ ఐపీవీ6 మీద నడవడంతో మన దేశం దాని వాడకంలో ప్రపంచంలోనే ముందు వరుసలోకి వచ్చింది. వీధి కేబుల్ కంపెనీల్లో మాత్రం ఇవ్వనివి చాలా ఉన్నాయి. రెండు బడుల్లోనూ ఐపీవీ6 ఉండి, వాడే సాఫ్ట్‌వేర్‌కూ అది తెలిస్తే, అడ్డంగా మిగిలేది ఫైర్‌వాల్ ఒక్కటే. ద్వారం నంబర్లు మారే గొడవ ఉండదు కాబట్టి ఇద్దరూ ఒకేసారి పిలిచే ఉపాయం అక్కడ తేలిగ్గా సాగుతుంది. కేబుల్ కనెక్షన్ మీద కలవనప్పుడు రెండు వైపులా ఐపీవీ6 ఉన్న ఫోను హాట్‌స్పాట్‌లతో ఒకసారి ప్రయత్నించి చూడవచ్చు. ఒక వైపే మారిస్తే లాభం లేదు.

కనెక్షన్ తీసుకునేటప్పుడు మన బడులు అడిగేది ‘ఎంత స్పీడు? నెలకెంత?’ అన్న రెండు ప్రశ్నలే. ఇంకో మూడు అడగండి. మాకు సొంత బయటి నంబరు ఇస్తారా, సీజీనాట్ వెనుక పెడతారా? ఐపీవీ6 ఉందా? స్టాటిక్ ఐపీకి నెలకు అదనంగా ఎంత? కేబుల్ ఆయనకు మొదటి ప్రశ్న అర్థం కాకపోతే ఆఫీసు నంబరు తీసుకుని అక్కడ అడగండి. ఎక్కువ స్పీడు ప్లానుకు మారితే ఈ కష్టం తీరుతుందని అమ్మేవాళ్ళు చెబుతారు. తీరదు. కొట్టు పెద్దదైనంత మాత్రాన పి.పి. నంబరు సొంత నంబరు అయిపోదు కదా.

చివరగా ఒక చిన్న ఏర్పాటు. సాఫ్ట్‌వేర్ కలిసిన తర్వాత కనెక్షన్ నేరుగా ఉందో రిలే మీద ఉందో చాలావాటిలో ఒక మూల గుర్తు కనిపిస్తుంది. ఏ రోజు, ఏ కనెక్షన్ మీద, నేరుగానా రిలేనా అన్నది ఒక కాగితం మీద నాలుగు వారాలు రాసి, కంప్యూటర్ పక్కన గోడకు అంటించండి. వేలూరులోనూ గుడియాత్తంలోనూ అలాంటి కాగితాలు రెండు ఉంటే, కంపెనీతో మాట్లాడేటప్పుడు ‘అప్పుడప్పుడు పనిచేయడం లేదండీ’ అనాల్సిన పని ఉండదు. తేదీ, వేళ చెప్పి నిలదీయవచ్చు. ఆ కాగితం మీద పాస్‌వర్డ్ మాత్రం రాయకండి.